పాత హారర్ గేములను ఇప్పటి కంప్యూటర్‌లో ఆడించడం ఎలా: డిస్కు దగ్గర్నుంచి చివరి సెట్టింగు దాకా

రెసిడెంట్ ఈవిల్, సైలెంట్ హిల్ లాంటి పెద్ద పేర్లకు రీమేకులు వస్తూనే ఉన్నాయి. అదే కాలంలో వచ్చి మరుగున పడ్డవాటిని పట్టించుకునేవాళ్లు తక్కువ. సియెరా వాళ్ల 'ఫాంటస్మగోరియా' (1995), గ్రెమ్లిన్ వాళ్ల 'రెల్మ్స్ ఆఫ్ ద హాంటింగ్' (1996-97), టెర్మినల్ రియాలిటీ చేసిన 'నాక్టర్న్' (1999), డ్రీమ్‌వర్క్స్ ఇంటరాక్టివ్ చేసిన 'క్లైవ్ బార్కర్స్ అన్‌డయింగ్' (2001) అలాంటివే. విండోస్ 10, 11 మీద ఒక్కోటి ఒక్కో రకంగా మొరాయిస్తుంది. ఈ నాలుగింటినీ దారికి తెచ్చే పద్ధతి తెలిస్తే ఆ కాలపు హారర్ గేములు చాలావరకు మీ చేతికి వస్తాయి.

ఒక మాట ముందే చెప్పాలి. గేమ్ తెరుచుకుని మెనూ కనబడగానే పని అయిపోయిందనుకోవద్దు. రేసింగ్ గేమ్‌లో నీడ కాస్త పలచబడినా నష్టం లేదు. హారర్ గేమ్‌లో మాత్రం వేగం, చీకటి, శబ్దం మూడూ అసలు కంప్యూటర్‌లో ఉన్నట్టే ఉండాలి. వీటిలో ఏది తప్పినా గేమ్ నడుస్తుంది, భయం మాత్రం వేయదు. 4కే రిజల్యూషన్ ఆ తర్వాతి సంగతి.

ముందు గేమ్ ఏ జాతిదో తేల్చుకోండి

డిస్కులోని ఫైళ్లు ఒకసారి చూడండి. 'డాస్4జీడబ్ల్యూ' అనే ఫైల్ కనిపిస్తే అది డాస్ (విండోస్‌కు ముందటి వ్యవస్థ) గేమ్. 'గ్లైడ్2ఎక్స్' పేరుతో డీఎల్‌ఎల్ ఉంటే అప్పటి 3డీఎఫ్‌ఎక్స్ వూడూ గ్రాఫిక్స్ కార్డుల కోసం కూడా రాసినది. డైరెక్ట్‌ఎక్స్ (విండోస్ గేములు చిత్రానికీ శబ్దానికీ వాడుకునే భాగం) ఇన్‌స్టాలర్ ఉన్న ఫోల్డర్ కనిపిస్తే అందులోని వెర్షన్ నంబరు రాసిపెట్టుకోండి. 5, 6, 7 అయితే ఇబ్బంది ఎక్కువ, 8, 9 అయితే కొంచెం సులువు.

ప్రయత్నించే వరస ఇలా ఉంటే సమయం వృథా కాదు: మొదట జీఓజీ, స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్ దుకాణాల్లో అమ్ముతున్నారేమో చూడండి. లేకపోతే పాత అడ్వెంచర్ గేములను నడిపే ప్రోగ్రామ్ స్కమ్‌వీఎం జాబితాలో ఉందేమో చూడండి. అక్కడా లేని డాస్ గేమైతే డాస్‌ను అనుకరించే డాస్‌బాక్స్, విండోస్ గేమైతే డీజీవూడూ 2 లాంటి రాపర్ (పాత గేమ్‌కూ కొత్త విండోస్‌కూ మధ్య దుబాసీ). అన్నీ విఫలమైతేనే 86బాక్స్‌తో పాత కంప్యూటర్ మొత్తాన్నీ ఎమ్యులేట్ చేయడం, అంటే సాఫ్ట్‌వేర్‌లో అనుకరించడం. చాలామంది ఈ చివరిదానితో మొదలుపెట్టి రెండు రోజులకు విసిగిపోతారు.

అన్‌డయింగ్, రెల్మ్స్ ఆఫ్ ద హాంటింగ్ జీఓజీలో దొరుకుతాయి. నాక్టర్న్‌కు డిజిటల్ అమ్మకం లేదు, పాత డిస్కే గతి. అమ్మకంలో లేనంత మాత్రాన కాపీరైట్ పోదు. మీ దగ్గర న్యాయంగా ఉన్న డిస్కుకు బ్యాకప్ కాపీ తీసుకోవడాన్ని మాత్రం భారత కాపీరైట్ చట్టం (1957) 52వ సెక్షన్ అనుమతిస్తుంది.

డిస్కును ఇమేజ్‌గా మార్చడం

ల్యాప్‌టాప్‌లో డ్రైవ్ ఉండదు కాబట్టి యూఎస్‌బీ డీవీడీ రైటర్ ఒకటి కావాలి. మామూలుది చాలు. డిస్కును మెత్తటి పొడి బట్టతో మధ్య నుంచి అంచుకు నిలువుగా తుడవండి. గుండ్రంగా తుడిస్తే గీత ట్రాక్ వెంబడి పడుతుంది, దాన్ని డ్రైవ్ సరిదిద్దుకోలేదు.

ఇమ్గ్‌బర్న్ అనే ప్రోగ్రామ్‌లో రీడ్ మోడ్ ఎంచుకుని వేగం 8ఎక్స్‌కు తగ్గించండి. ఫార్మాట్ దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. 1990ల గేముల్లో చాలావాటికి సంగీతం డిస్కు మీదే ఆడియో ట్రాకులుగా ఉంటుంది. ఐఎస్‌ఓ ఫార్మాట్ డేటా ట్రాక్‌ను మాత్రమే పట్టుకుంటుంది, ఆడియో పోతుంది. గేమ్ బాగానే నడుస్తుంది కాబట్టి సంగీతం లేదన్న సంగతి కూడా మీకు తెలియకపోవచ్చు. అందుకని ఎప్పుడూ బిన్, క్యూ జంటగానే (డిస్కులోని సరుకంతా ఒక ఫైల్, ట్రాకుల వివరం ఇంకో ఫైల్) తీయండి. తీశాక విండోస్‌లోనే ఉన్న సర్ట్‌యుటిల్‌తో హ్యాష్ (ఫైల్‌కు వేలిముద్ర లాంటి అంకె) లెక్కించి, రీడంప్ అనే ఆన్‌లైన్ డేటాబేస్‌లో ఆ డిస్కు ట్రాకుల హ్యాష్‌తో పోల్చండి; ట్రాకులన్నీ ఒకే బిన్‌గా వస్తే ముందు విడగొట్టాలి. కలిస్తే డేటా అక్షరం పొల్లు పోకుండా వచ్చినట్టే. కలవకపోతే మీది వేరే ముద్రణ కావచ్చు, డిస్కు పాడై ఉండొచ్చు, ఆడియో ట్రాకులకైతే డ్రైవ్ చదివే చోటులో చిన్న తేడా (ఆఫ్‌సెట్) కూడా కారణం కావచ్చు. మరో డ్రైవ్‌లో చదివించి చూస్తే కొంత తేలుతుంది.

ఫోల్డర్: మనవాళ్లకు ప్రత్యేకంగా తగిలే దెబ్బ

గేమ్‌ను ప్రోగ్రామ్ ఫైల్స్‌లో పెట్టొద్దు. అక్కడ రాసే అనుమతి లేక, సేవ్ ఫైళ్లను విండోస్ గుట్టుగా 'వర్చువల్‌స్టోర్' అనే వేరే చోటికి మళ్లిస్తుంది. మీరు ఐఎన్‌ఐ (సెట్టింగుల) ఫైల్ ఒకచోట మారిస్తే గేమ్ ఇంకోచోటిది చదువుతుంది. ఎన్నిసార్లు మార్చినా ఫలితం ఉండదు. వన్‌డ్రైవ్ కింద ఉన్న డెస్క్‌టాప్ కూడా వద్దు. సి డ్రైవ్ మీద నేరుగా ఒక ఫోల్డర్ చేసి, ఖాళీలు లేని చిన్న పేరు పెట్టండి.

ఆ పేరు ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉండాలి. విండోస్‌లో తెలుగుకు పాత తరహా ఆన్సీ కోడ్ పేజీ (అక్షరాల పట్టిక) లేనే లేదు, యూనికోడ్ ఒక్కటే దిక్కు. యూనికోడ్ తెలియని 1999 నాటి ప్రోగ్రామ్‌కు తెలుగు ఫోల్డర్ పేరు ప్రశ్నార్థకాల వరసగా అందుతుంది. ఫైల్ దొరకలేదంటుంది, లేదా మాటామంతీ లేకుండా మూసుకుపోతుంది. విండోస్ ఖాతా సృష్టించినప్పుడే పేరు తెలుగులో ఇచ్చి ఉంటే యూజర్ ఫోల్డర్ కూడా తెలుగులోనే ఉంటుంది. ఇన్‌స్టాలర్ వాడే టెంప్ ఫోల్డర్ దాని కిందే ఉంటుంది కాబట్టి గేమ్‌ను ఎక్కడ పెట్టినా ఇన్‌స్టాలేషన్ మధ్యలో ఆగిపోవచ్చు. తర్వాత ఖాతా పేరు మార్చినా ఆ ఫోల్డర్ పేరు మారదు. ఇంగ్లీషు పేరుతో కొత్త లోకల్ ఖాతా చేసి అందులో ఆడటమే శుభ్రమైన పద్ధతి. రీజియన్ సెట్టింగుల్లో 'యూటీఎఫ్-8 బీటా' అనే పెట్టెకు టిక్ ఉంటే తీసేయండి. పాత గేములకు అది మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తుంది.

డాస్ గేములు: రెల్మ్స్ ఆఫ్ ద హాంటింగ్

డాస్‌బాక్స్ స్టేజింగ్ వేసుకోండి. మూల డాస్‌బాక్స్ 0.74-3 కూడా పనిచేస్తుంది గానీ స్టేజింగ్‌లో డిఫాల్టు సెట్టింగులే మెరుగు.

ఈ గేమ్ నాలుగు సీడీల మీద వచ్చింది. నాలుగు క్యూ ఫైళ్లను విడివిడిగా నాలుగు డ్రైవ్‌లుగా పెడితే డిస్కు మార్చమన్నప్పుడు ఇరుక్కుంటారు. ఇమ్‌జీమౌంట్ కమాండ్‌లో డి డ్రైవ్ పేరు చెప్పి, నాలుగు ఫైళ్ల పేర్లూ వరసగా ఒకే వాక్యంలో ఇవ్వండి. గేమ్ అడిగినప్పుడు కంట్రోల్, ఎఫ్4 కలిపి నొక్కితే తర్వాతి డిస్కుకు మారుతుంది. ఈ కమాండును కాన్ఫిగ్ ఫైల్ చివరనున్న ఆటోఎగ్జెక్ భాగంలో రాసేస్తే ప్రతిసారీ కొట్టే పని ఉండదు. జీఓజీ కాపీ కొన్నవాళ్లకు ఇదంతా ముందే చేసి ఉంటుంది. వాళ్ల ఫోల్డర్‌లో ఇమేజ్ ఫైళ్లకు చివరి పేర్లు మార్చి ఉంచుతారు, అంతే. వాటినే మీ స్టేజింగ్‌కు తగిలించుకోవచ్చు.

వేగం సంగతి సైకిల్స్ సెట్టింగు (సెకనులో వెయ్యోవంతుకు ఎన్ని ఆదేశాలు నడపాలన్న అంకె) చూసుకుంటుంది. 33 మెగాహెర్ట్జ్ 386 ప్రాసెసర్‌కు సుమారు 6,000, 66 మెగాహెర్ట్జ్ 486కు సుమారు 25,000, తొలి పెంటియంలకు 60,000 నుంచి 80,000 దాకా. రెల్మ్స్ పెంటియం కాలానిది కాబట్టి 60,000తో మొదలుపెట్టండి. కంట్రోల్‌తో ఎఫ్11 నొక్కితే తగ్గుతుంది, ఎఫ్12 నొక్కితే పెరుగుతుంది. 'మ్యాక్స్' అని పెట్టి వదిలేయమని చాలాచోట్ల సలహా కనిపిస్తుంది. 386 నాటి గేముకు అలా పెడితే దెయ్యాలు పరుగుపందెం పెట్టుకున్నట్టు ఉంటుంది. మాటలు తెగుతూ వినిపిస్తే మాత్రం మీ ప్రాసెసర్ అందుకోలేకపోతోందని అర్థం. అప్పుడు పెంచకూడదు, తగ్గించాలి.

యాస్పెక్ట్ కరెక్షన్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. 320×200 చిత్రం పాత మానిటర్ మీద 4:3లో, అంటే 320×240 ఆకారంలో కనిపించేది. కరెక్షన్ లేకపోతే మనుషులు పొట్టిగా, లావుగా కనిపిస్తారు. 1080పీ తెర మీద సరైన కొలత 1440×1080, రెండు పక్కలా నల్ల పట్టీలు. అవి చూసి తెర నిండా సాగదీయొద్దు.

ఫాంటస్మగోరియా: స్కమ్‌వీఎం చేతిలో పెట్టేయండి

ఏడు సీడీల గేమ్ ఇది. 2017 డిసెంబరులో వచ్చిన స్కమ్‌వీఎం 2.0 నుంచి దీనికి మద్దతు ఉంది. 'ద సెవెంత్ గెస్ట్', 'శానిటేరియం', 'ఐ హ్యావ్ నో మౌత్ అండ్ ఐ మస్ట్ స్క్రీమ్' కూడా ఈ దారిలోనే నడుస్తాయి. స్కమ్‌వీఎం గేమ్ ఇంజిన్‌నే కొత్తగా రాసుకుంది కాబట్టి మనకు కావలసింది డేటా ఫైళ్లు మాత్రమే. ఇన్‌స్టాలర్‌తో పనే లేదు.

ఏడు డిస్కుల ఫైళ్లనూ ఒకే ఫోల్డర్‌లోకి కాపీ చేయాలి. చివర 001, 002 అని వరస నంబర్లున్న రిసోర్స్ ఫైళ్లు ఒక్కో డిస్కులో ఒక్కోటి ఉంటాయి, అన్నీ కావాలి. కాపీ మధ్యలో 'ఈ పేరుతో ఫైల్ ఉంది, రాసేయనా?' అని విండోస్ అడిగితే గుడ్డిగా ఔననొద్దు. సైజు కూడా ఒకటే అయితే దాటేయండి. పేరు ఒకటై సైజు వేరైతే అది ఆ డిస్కుకే చెందిన ఆడియో కావచ్చు. అలాంటివాటిలో దేనికి ఏ పేరు పెట్టాలో స్కమ్‌వీఎం వికీలో గేమ్ పేజీ చెబుతుంది. ఇక్కడ తొందరపడితే మూడో అధ్యాయం దాకా అంతా సజావుగా సాగి, ఆ తర్వాత పాత్రలు మూగబోతాయి.

ఇన్‌స్టాలర్ తెరుచుకోకపోతే

గేమ్ 32 బిట్‌దే అయినా 1990ల చివరి ఇన్‌స్టాలర్లలో కొన్ని 16 బిట్‌వి. 64 బిట్ విండోస్ వాటిని ముట్టుకోదు. డిస్కులోని క్యాబ్ ఫైళ్లను అన్‌షీల్డ్ అనే సాధనంతో విప్పి చేత్తో కాపీ చేయడం ఒక దారి. 16 బిట్ ప్రోగ్రాములను నడిపించే విన్‌ఈవీడీఎం వేసుకుని ఆ ఇన్‌స్టాలర్‌నే నడపడం రెండో దారి. చేత్తో కాపీ చేస్తే రిజిస్ట్రీ (విండోస్ సెట్టింగుల చిట్టా) పద్దులు రావు. గేమ్ 'నన్ను ఇన్‌స్టాల్ చేయలేదు' అంటే కారణం అదే. లినక్స్ వాళ్లకు ఈ తంటా తక్కువ, 16 బిట్ విండోస్ ప్రోగ్రాములను వైన్ అనే సాధనం ఇప్పటికీ నడుపుతుంది.

సేఫ్‌డిస్క్ కాపీ రక్షణ ఉన్న గేములు అసలు డిస్కు పెట్టినా నడవవు. దాని డ్రైవర్‌ను విండోస్ 10లో మైక్రోసాఫ్ట్ పూర్తిగా తీసేసింది, భద్రతా లోపం ఉందని 2015 సెప్టెంబరు అప్‌డేట్‌తో విండోస్ 7, 8లో కూడా ఆపేసింది. దాన్ని తిరిగి వేసుకునే చిట్కాలు నెట్‌లో తిరుగుతుంటాయి. వాటి జోలికి పోవద్దు, కెర్నెల్ (విండోస్ మూల భాగం) స్థాయిలో తలుపు తెరిచిపెట్టినట్టే. గేమ్ తయారీదారులు తర్వాత ఇచ్చిన ప్యాచ్‌లో డిస్కు తనిఖీ తీసేశారేమో మొదట చూడండి. లేకపోతే డిజిటల్ కాపీ, అదీ లేకపోతే కింద చెప్పిన 86బాక్స్.

డీజీవూడూ 2: నాక్టర్న్, అన్‌డయింగ్

పాత డైరెక్ట్‌ఎక్స్, గ్లైడ్ పిలుపులను ఈనాటి డైరెక్ట్‌ఎక్స్ 11 లేదా 12లోకి మార్చి చెప్పే రాపర్ ఇది. దీన్ని తయారుచేసిన డెగే సొంత పేజీ నుంచే దింపుకోండి. ఒక్కోసారి యాంటీవైరస్ అనుమానిస్తుంది, అలాగని ఊరూపేరూ లేని సైట్ల కాపీలు తెచ్చుకోవద్దు.

1. జిప్ విప్పి, కంట్రోల్ ప్యానెల్ ప్రోగ్రామ్‌ను, కాన్ఫిగ్ ఫైల్‌ను గేమ్ ఫోల్డర్‌లో పెట్టండి. అది గేమ్ అసలు ఎక్స్ఈ ఉన్న ఫోల్డరే అయ్యుండాలి. అన్‌డయింగ్‌కు ఆ చోటు లోపలున్న 'సిస్టమ్' ఫోల్డర్. బయట ఫోల్డర్‌లో పెట్టి 'పనిచేయట్లేదు' అనేవాళ్లే ఎక్కువ.

2. 'ఎంఎస్' ఫోల్డర్‌లోని 'ఎక్స్86' నుంచి డీడ్రా, డీ3డీఇమ్, డీ3డీ8 డీఎల్‌ఎల్‌లను అక్కడే వేయండి. మీ విండోస్ 64 బిట్‌దే అయినా గేమ్ 32 బిట్‌ది కాబట్టి ఎక్స్86వే కావాలి. గ్లైడ్ వాడే గేమైతే '3డీఎఫ్‌ఎక్స్' ఫోల్డర్‌లోవి.

3. కంట్రోల్ ప్యానెల్ తెరిచి, పైన చూపే దారి ఈ గేమ్ ఫోల్డర్‌దే అని నిర్ధారించుకోండి. డైరెక్ట్‌ఎక్స్ ట్యాబ్‌లో వాటర్‌మార్క్ టిక్ ఉంచి గేమ్ నడపండి. తెర మూలలో డీజీవూడూ గుర్తు కనిపిస్తే రాపర్ పట్టుకున్నట్టు. కనబడకపోతే మిగతా సెట్టింగులు ఎన్ని మార్చినా ప్రయోజనం లేదు, ఒకటో మెట్టుకు వెళ్లండి. పట్టుకున్నాక టిక్ తీసేయొచ్చు.

4. వీడియో మెమరీ 128 లేదా 256 ఎంబీ దగ్గర ఉంచండి. 8 జీబీ కార్డు ఉంది కదా అని పెంచొద్దు. 1999లో రాసిన కోడ్ అంత పెద్ద అంకెను తప్పుగా చదివి, మెమరీ లేదని చెప్పి పడిపోవచ్చు. ఇంకా మొరాయిస్తే కార్డు రకం జీఫోర్స్4 టీఐ 4800కు మార్చి చూడండి.

5. జనరల్ ట్యాబ్‌లో స్కేలింగ్‌ను 'నిష్పత్తి మారకుండా సాగదీయి' అన్న దానికి మార్చండి.

నాక్టర్న్ పేరు తెచ్చుకున్నదే నీడల వల్ల, హీరో పొడవాటి కోటు కదలిక వల్ల. టార్చి వెలుగుతో పాటు నీడలు అక్కడికక్కడే మారాలి. అవి లేకపోతే గేమ్ లోపలి నీడల సెట్టింగు తక్కువలో ఉందో, వేరే రెండరర్ (చిత్రం గీసే భాగం) ఎంపికై ఉందో చూడండి. ఈ గేమ్‌లో కెమెరా కదలదు, వెనక దృశ్యాలు ముందే గీసిపెట్టినవి. రిజల్యూషన్ పెంచితే మనుషులు పదునెక్కి, గోడలు మసకగానే ఉండి, రెండూ అతకనట్టు కనిపిస్తాయి. 1024×768 దాటకపోవడమే మంచిది.

అన్‌డయింగ్ పూర్తి 3డీ కాబట్టి వెడల్పు తెర దానికి నప్పుతుంది. అయితే ఈ అన్‌రియల్ ఇంజిన్ పైనా కిందా కత్తిరించి వెడల్పు చూపిస్తుంది. యూజర్ ఐఎన్‌ఐ ఫైల్‌లో డిఫాల్ట్, డిజైర్డ్ దృష్టికోణాలు రెంటినీ 90 నుంచి మార్చాలి: 16:10 తెరకు 100, 16:9కు 106, 21:9కు 120. ఇంతకన్నా పెంచితే కారిడార్లు పొడవుగా సాగి, రాక్షసులు చిన్నవైపోతారు. ఫైల్ మార్చేముందు కాపీ ఒకటి పక్కన పెట్టుకోండి.

వేగం

ఆ కాలపు ఇంజిన్లు సెకనుకు 400 ఫ్రేములు ఊహించలేదు. తలుపులు దడాలున తెరుచుకోవడం, దూకితే ఎత్తు మారిపోవడం, శత్రువులు రెట్టింపు వేగంతో కదలడం అన్నీ దీని వల్లే. 60కి కట్టేయండి. డీజీవూడూ కంట్రోల్ ప్యానెల్‌లో రైట్ క్లిక్ చేసి దాగిన భాగాలన్నీ చూపించమంటే ఎఫ్‌పీఎస్ పరిమితి కనిపిస్తుంది. రివాట్యూనర్ అనే ప్రోగ్రామ్‌తో కూడా పెట్టవచ్చు.

కొన్ని గేములు ప్రాసెసర్‌లో ఎక్కువ కోర్లు ఉంటే తట్టుకోలేవు. 'సైలెంట్ హిల్ 2' 2002 పీసీ వెర్షన్‌లో ఒకే శబ్దం పదేపదే మోగుతూ గేమ్ బిగుసుకుపోయేది ఇందుకే. టాస్క్ మేనేజర్‌లో డీటెయిల్స్‌కు వెళ్లి, గేమ్ మీద రైట్ క్లిక్ చేసి, అఫినిటీలో ఒక్క కోర్ మాత్రం ఉంచండి. అది ఆ ఒక్కసారికే. ఎప్పటికీ ఉండాలంటే స్టార్ట్ కమాండ్‌కు అఫినిటీ 1 అని చేర్చి చిన్న బ్యాచ్ ఫైల్ రాసుకోవాలి.

చీకటి, శబ్దం

పాత గేముల్లోని గామా స్లైడర్ మొత్తం తెర రంగుల పట్టికనే మార్చేది. విండోలోనో రాపర్ మీదో నడుస్తున్నప్పుడు ఆ స్లైడర్ జరుపుతున్నా తెరలో మార్పు రాకపోవచ్చు. దాంతో ఏమీ కనిపించక మానిటర్ బ్రైట్‌నెస్ పెంచుతారు, నలుపు బూడిద రంగై కూర్చుంటుంది. దాని బదులు డీజీవూడూ జనరల్ ట్యాబ్‌లోని బ్రైట్‌నెస్, కాంట్రాస్ట్ వాడండి. కొలమానం ఒకటుంది: రాత్రి గదిలో లైటు ఆర్పి, గేమ్‌లో చీకటి మూల ఒకదాని ముందు నిలబడండి. గోడ అంచు లీలగా తెలియాలి, గోడ మీది ఇటుకలు లెక్కపెట్టేలా ఉండకూడదు. ల్యాప్‌టాప్‌లో ఆటో బ్రైట్‌నెస్, టీవీకి కలిపితే డైనమిక్ కాంట్రాస్ట్ రెండూ ఆపేయండి. అవి చీకటి దృశ్యం రాగానే తెరను వాటంతటవే వెలిగించేస్తాయి.

శబ్దం కథ విండోస్ విస్టాతో మారింది. డైరెక్ట్‌సౌండ్ హార్డ్‌వేర్ సహాయాన్ని అందులో తీసేయడంతో ఈఏఎక్స్ (గదిని బట్టి శబ్దం మార్చే అప్పటి సౌండ్ కార్డుల పద్ధతి) ప్రతిధ్వనులు పోయాయి. అడుగుల చప్పుడు రాతి హాల్లోనూ చిన్న గదిలోనూ ఒకేలా వినిపిస్తుంటే కారణం ఇదే. వాటిని సాఫ్ట్‌వేర్‌లో తిరిగి తెచ్చే డీఎస్‌ఓఏఎల్ డీఎల్‌ఎల్‌లను గేమ్ ఫోల్డర్‌లో వేసి, గేమ్ ఆడియో మెనూలో 3డీ సౌండ్, ఈఏఎక్స్ ఆన్ చేయండి. హెడ్‌ఫోన్‌తో ఆడేవాళ్లు దాంతో వచ్చే ఓపెన్‌ఏఎల్ కాన్ఫిగ్‌లో హెచ్ఆర్‌టీఎఫ్ (శబ్దం దిశను చెవులకు తెలిపే పద్ధతి) కూడా పెట్టుకుంటే వెనక నుంచి వచ్చే శబ్దం వెనకనుంచే వస్తుంది. విండోస్‌లోని స్పేషియల్ సౌండ్ అప్పుడు ఆపాలి. రెండూ కలిస్తే బావిలోంచి మాట్లాడినట్టుంటుంది.

డాస్ గేముల మిడీ సంగీతానికి డాస్‌బాక్స్ స్టేజింగ్‌లో ఫ్లూయిడ్‌సింత్ (స్వరాలను పలికించే భాగం), ఒక మంచి సౌండ్‌ఫాంట్ (వాయిద్యాల శబ్దాల ఫైల్) చాలు. గేమ్ సెటప్‌లో సంగీతానికి జనరల్ మిడీ, శబ్దాలకు సౌండ్ బ్లాస్టర్ 16 అని ఎంచుకోండి. అడ్రస్ 220, ఐఆర్‌క్యూ 7, డీఎంఏ 1 డాస్‌బాక్స్ డిఫాల్టులు. సెటప్ ఐఆర్‌క్యూ 5 చూపిస్తే మార్చండి, లేకపోతే మాటలు మొదటి ముక్క దగ్గరే ఆగిపోతాయి.

పరీక్ష, ఆఖరి దారి

ఒకసారికి ఒక్క సెట్టింగే మార్చండి. ప్రతి మార్పు తర్వాత గేమ్ తెరిచి, మొదటి వీడియో పూర్తిగా చూసి, సేవ్ చేసి, మూసి, మళ్లీ తెరిచి లోడ్ చేయండి. శబ్దం వస్తూ వీడియో నల్లగా ఉంటే అది ఇండియో కోడెక్ (పాత వీడియోలను చదివే భాగం) సమస్య కావచ్చు. భద్రతా కారణాలతో విండోస్ దాన్ని పక్కన పెట్టింది.

ఇవేవీ కుదరని గేముకు 86బాక్స్. వర్చువల్ యంత్రానికి పెంటియం 2, వూడూ కార్డు, విండోస్ 98 రెండో ఎడిషన్ పెట్టండి. ర్యామ్ 128 లేదా 256 ఎంబీ చాలు, 512 దాటితే విండోస్ 98కే తలనొప్పి. మీ అసలు ప్రాసెసర్‌లో ఒక్క కోర్ వేగమే ఇక్కడ లెక్క. 86బాక్స్ విండో పైభాగంలో చూపించే వేగం 100 శాతం కన్నా తగ్గుతుంటే వర్చువల్ ప్రాసెసర్‌ను ఒక మెట్టు దించండి. శబ్దం తెగడం వెంటనే ఆగుతుంది.

అంతా కుదిరిన రోజు గేమ్ ఫోల్డర్ మొత్తాన్నీ, అప్పుడు వాడిన రాపర్ జిప్‌తో సహా, వేరే డిస్కులోకి కాపీ చేసుకోండి. రాపర్ కొత్త వెర్షన్ ఒక గేమ్‌ను బాగుచేసి ఇంకోదాన్ని పాడుచేయడం మామూలే. పనిచేస్తున్నదాన్ని అప్‌డేట్ చేయాల్సిన అవసరం లేదు.